రాయి నరం

తేలుకు పాలు పిండుత అని చెప్తె
హన్మకొండ చౌరస్తల చాయ్ బండి సారయ్య
మొదటిరోజు గిలాస కింద వెట్టి నవ్విండు.
రెండోరోజు కొంచెం దూరం జరిగిండు.

అబద్ధమైతె గాదు.
చిమటాతోని తోక వట్టి
కొండి కింద రెండు తీగలు ఆనిచ్చి
సుర్రుమని సన్న కరెంటు ఇస్తె
ముల్లు కొసకు ఒక చుక్క నిలవడ్తది.
గాజు గొట్టంల వట్టి మంచుపెట్టెల దాస్త.
నూరు తేళ్లు ఇచ్చినా
ఒక చక్కెర పలుకు బరువు తూగదు.

తేళ్లు తెచ్చేది ఓదెలు.
హుస్నాబాద్ అవతల రాయి క్వారీల
ముప్పై ఏండ్లు ఉలి కొట్టినోడు.
దిమ్మె జరపంగనే తోక లేపే ఎర్రతేలు
ఆయనకు పాత చుట్టం.
ఎన్ని కుట్టినయే అంటె
ఎడమచెయ్యి ముందల వెడ్తడు:
"ఇది పెద్దోడు పుట్టిన ఏడు,
ఇది లారీ బోల్త వడ్డ ఏడు."
ఏండ్లు చెప్తడు గని తారీకులు చెప్పడు.

పాలపొడి డబ్బ మూతకు మొలతోని తూట్లు,
అడుగున తడిమన్ను, మీద కుండపెంకులు.
తొమ్మిది నెలలు గట్లనే తెచ్చిండు.
పదో నెల డబ్బ బల్ల మీద వెట్టి
పైసలు ముట్టలే.

"ఐలవ్వకు తలకాయల గడ్డన్నరు బిడ్డా.
ఎంజీఎంల ఫోటో తీసిండ్రు.
నువ్వు పిండేది గా గడ్డకేనట గదా?"

ఎవలు చెప్పిండ్రో.
నేనే చెప్పి ఉంట, ఓ వానకాలం పొద్దు, గొప్పకు.

ఉన్నదున్నట్టు చెప్పిన.
విషంల వందల తీర్ల ముక్కలుంటయి,
ఒక్కో ముక్క ఒక్కో తాళానికి చెవి.
వాటిల ఒక చిన్న ముక్క
మంచి కణాన్ని దాటిపోయి
చెడ్డ కణం గడపల కూసుంటదని
ఏ దేశంలనో చూసిండ్రు.
దానికి రంగు కడితె గడ్డ అంచు ఎలుగుతదట,
కోసేటాయనకు ఎక్కడ ఆగాల్నో తెలుస్తదట.
మేం మన తేలుల అసుంటిది దేవులాడుతున్నం.
గాజుగిన్నె కాడ ఉన్నం.
ఎలుక దాక పోలే.
మనిషి ఇంక చాన దూరం.

ఓదెలు "అంచు" అన్న కాన్నే ఆగిపోయిండు.

"రాయికి గూడ నరముంటది బిడ్డా.
నరం తెల్వనోడు ఎంత సమ్మెట ఏసినా
దిమ్మె అడ్డం వల్గుతది,
సేటు రాయి పోతది, మన కూలి పోతది.
నేనైతె నీళ్లు చల్లి కూసుంట.
తడి ఎక్కడ ఆఖర్న ఆరుతదో
గదే నరం.
డాక్టరు కాడ గా నీళ్లు లేవన్నట్టు."

ఇన్ని ఏండ్లు చదివిన,
ఇంత సక్కగ నాకెన్నడు తట్టలే.

ఆ మాపు లైట్లు బందు జేసి
ఊదా దీపం వట్టిన.
డబ్బల తేళ్లన్ని
రంగుల ముంచిన గునుగు పువ్వు తీర్గ
పచ్చగ, నీలంగ ఎలిగినయి.
ఓదెలు చెప్పులు విడిచి నిలవడ్డడు.
"వీటితోనే కొట్టి సంపిన ముప్పై ఏండ్లు.
దీపం మోస్తయని ఎవలు చెప్పలే."
ఆ ఎలుగు పెంకుది, విషానిది గాదు
అని చెప్పబోయి
నోరు మూసుకున్న.

ఐలవ్వకు హైదరాబాదుల కోసిండ్రు.
కాయితం తెచ్చి నన్ను చదువుమన్నడు.
సగం చదివిన.

మొన్న మంగళారం మల్ల వచ్చిండు.
డబ్బల పదకొండు.
ఒకదాని ఈపు మీద తెల్లటి పిల్లలు,
తడి బియ్యం అతుక్కున్నట్టు.
"దీన్ని పిండకు, బాలింత" అన్నడు.

ఈసారి పైసలు లెక్కవెట్టుకున్నడు.
బస్సు కిరాయి పక్కకు తీసి
కడమయి రుమాల్ల ముడేసిండు, మాత్రలకు.
చెప్పులు తొడుక్కుంట, నా మొకం చూడకుంట
అడిగిండు:
"ఎలుక దాక ఎప్పుడు పోతరు?"